ఆరేళ్లు చూశాక లిస్టులో మిగిలిన మిస్టరీ, క్రైమ్, హారర్ ఛానెళ్లు

మొదట్లో యాభై దాకా ఉన్న యూట్యూబ్ సబ్‌స్క్రిప్షన్లు ఇప్పుడు డజనుకు దిగాయి. తీసేసినవన్నీ భయపెట్టడం చేతకానివేం కావు. అర్ధరాత్రి కరెంటు పోయి చెవిలో ఇయర్‌ఫోన్లు ఉంటే, వంటింట్లో పిల్లి గిన్నె దొర్లించినా గుండె జారుతుంది. అంతమాత్రానికే ఛానెల్‌కి మార్కులెందుకు వేయాలి? ‘ఈ ముక్క నీకెక్కడ దొరికింది?’ అంటే జవాబున్నవి లిస్టులో నిలిచాయి, నీళ్లు నమిలినవి పోయాయి.

కొత్త ఛానెల్ కనబడితే ముందు దాంట్లో రూప్‌కుండ్ వీడియో ఉందేమో వెతకండి. ఉత్తరాఖండ్‌లో అయిదు వేల మీటర్ల ఎత్తున, వందల అస్థిపంజరాలు బయటపడ్డ సరస్సు అది. వడగళ్ల వానకి ఒకే గుంపు ఒకే రోజు పోయిందన్నది పాత కథ. 2019లో 38 మంది ఎముకల డీఎన్‌ఏ ఫలితాలు వచ్చాయి. 23 మందివి దక్షిణాసియా మూలాలు, 14 మందివి తూర్పు మధ్యధరా ప్రాంతపు మూలాలు, ఒకరివి ఆగ్నేయాసియా. మొదటి రెండు గుంపులకూ మధ్య దాదాపు వెయ్యేళ్ల తేడా. అంటే అసలు మిస్టరీ ఆ పరిశోధన పత్రం వచ్చాకే మొదలైంది: గ్రీసు వైపు మూలాలున్న మనుషులు 1800 ప్రాంతంలో ఆ కొండకెందుకు వెళ్లినట్టు? ఆ తర్వాత తీసిన వీడియో కూడా వడగళ్లతోనే కథ ముగించేస్తే, అది ఎవరిదో పాత వీడియో చూసి రాసుకున్న స్క్రిప్టు అనుకోవచ్చు.

రెండో పరీక్ష రాజస్థాన్‌లోని భాన్‌గఢ్ కోట. ‘సూర్యాస్తమయం తర్వాత లోపలికి రాకూడదని సాక్షాత్తూ ప్రభుత్వమే బోర్డు పెట్టింది’ అంటూ దెయ్యాలకు సాక్ష్యం చూపిస్తారు. బోర్డు నిజమే, పురావస్తు శాఖదే. ఆ లెక్కన సాయంత్రమైతే గేటు వేసే మన ఉండవల్లి గుహల్లోనూ దెయ్యాలుండాలి.

మూడోది ఇంకా దగ్గర, మంగళగిరి పానకాల స్వామి. సగం పానకం పుచ్చుకుని సగం ప్రసాదంగా ఇవ్వడం, అంత బెల్లం పడేచోట చీమలు కనబడకపోవడం భక్తుల నమ్మకం, దాంతో పేచీ లేదు. కానీ చాలా వీడియోల్లో ‘ఈ కొండ ఒకప్పుడు అగ్నిపర్వతం, లోపలి గంధకాన్ని చల్లార్చడానికే బెల్లం నీళ్లు పోస్తారని సైంటిస్టులు తేల్చారు’ అన్న వాక్యం వస్తుంది. ఏ సైంటిస్టులు, ఏ సర్వే, ఏ సంవత్సరం అన్నది ఒక్కరూ స్క్రీన్ మీద వేయరు. ఒకడి తప్పు పదిమంది నోట అక్షరం మారకుండా వస్తే, అది పరిశోధన కాదు, జిరాక్సు.

ఈ మూడూ దాటిన వాటిలో నా మొదటి ఓటు లెమినోకి. స్వీడన్‌కి చెందిన ఒకే మనిషి స్క్రిప్టు, యానిమేషన్, ఆఖరికి సంగీతం కూడా చేసుకుంటాడు. అందుకే ఒక్కో వీడియోకి నెలలు పడుతుంది. డి.బి. కూపర్ కేసు మీదిది ముందు చూడండి. 1971 నవంబరు 24న పోర్ట్‌లాండ్ నుంచి సియాటిల్ వెళ్లే బోయింగ్ 727ని హైజాక్ చేసి, రెండు లక్షల డాలర్లు, నాలుగు పారాచూట్లు తీసుకుని, వెనక మెట్లు దించి చీకట్లోకి దూకేసిన మనిషి కథ. 1980లో కొలంబియా నది ఒడ్డున ఇసుకలో 5,800 డాలర్లు ఒక పిల్లాడికి దొరికాయి, నోట్ల నంబర్లు కలిశాయి. మిగతా సొమ్మూ లేదు, మనిషీ లేడు. 2016లో ఎఫ్‌బీఐ ఆ ఫైలును పక్కన పెట్టేసింది. ఇంతవరకూ ఏ ఛానెలైనా చెబుతుంది. తేడా ఎక్కడంటే, ఒక్కో అనుమానితుడి పేరు రాగానే అతనికి అనుకూలంగా ఏముంది, ఎదురుగా ఏముంది అని వకీలులా రెండువైపులా వాదించి, తేలనిదాన్ని తేలనట్టే వదిలేస్తాడు. ఆధారాల లింకులు డిస్క్రిప్షన్‌లో ఉంటాయి. లోపమంటూ చెప్పాలంటే, నెలల తరబడి కొత్తది రాదు. రోజూ చూసేవాళ్లకు చాలదు.

రోజువారీకి ఫాసినేటింగ్ హారర్. పేరు చూసి దెయ్యాలనుకుంటారు గానీ అన్నీ ప్రమాదాలే: తగలబడ్డ థియేటర్లు, కూలిన వంతెనలు, మునిగిన పడవలు. పది నిమిషాల చిల్లర, ప్రతి మంగళవారం ఒకటి. బ్రిటిష్ గొంతు నింపాదిగా చెబుతుంది, కెవ్వున అరిచే సంగీతం ఉండదు. ‘తలుపు లోపలివైపు తెరుచుకునేది, జనం ఒత్తిడికి తెరుచుకోలేదు’ అన్న ఒక్క వాక్యం వంద దెయ్యాల పెట్టు. బెంజ్ సర్కిల్‌లో బస్సెక్కితే గుంటూరు బస్టాండు వచ్చేలోపు నాలుగు అయిపోతాయి.

అదే దారిలో ఎవరూ హారర్ లిస్టులో వేయని ఛానెల్ ఒకటుంది. అమెరికా కెమికల్ సేఫ్టీ బోర్డు, సీఎస్‌బీ అంటారు. ప్రభుత్వ సంస్థే తన దర్యాప్తు నివేదికల్ని యానిమేషన్‌గా తీసి పెడుతుంది. ఏ వాల్వు తెరిచి ఉంది, ఏ లెవెల్ మీటరు తప్పు చూపించింది, ఏ అలారం మోగలేదు అని నిమిషం నిమిషం చూపిస్తారు. 2005లో 15 మంది చనిపోయిన టెక్సస్ సిటీ రిఫైనరీ పేలుడు వీడియోతో మొదలెట్టండి. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖలో స్టైరీన్ అనే విషవాయువు ఫ్యాక్టరీ నుంచి ఎలా ఊళ్లోకి పాకిందో పేపర్లో చదివినవాళ్లకు ఇవి చూస్తుంటే ఒళ్లు జలదరిస్తుంది. విమానాలకైతే మెంటార్ పైలట్. చెప్పేవాడు పైలటే, తుది నివేదిక పక్కన పెట్టుకుని చెబుతాడు. ఎవరి తప్పో ముందే అరవడు. నలభై నిమిషాలు పైబడే వీడియోలే ఎక్కువ, ఓపిక ఉండాలి.

ట్రూ క్రైమ్‌కి వస్తే, వినడానికి కేస్‌ఫైల్‌ని మించింది లేదు. ఆస్ట్రేలియా పాడ్‌కాస్ట్, 2016 నుంచి వస్తోంది, చెప్పేవాడు తన పేరు చెప్పడు. నవ్వులుండవు, సొంత వ్యాఖ్యానం దాదాపు ఉండదు. ఒక హెచ్చరిక: పాత ఎపిసోడ్లు పాతవే. అడిలైడ్ సోమర్టన్ బీచ్‌లో 1948 డిసెంబరు 1న దొరికిన శవం ఎవరిదో డెబ్భై ఏళ్లు తెలియలేదు. అది కార్ల్ వెబ్ అనే ఎలక్ట్రికల్ ఇంజనీరుదని అడిలైడ్ ప్రొఫెసర్ డెరెక్ ఆబట్ 2022లో డీఎన్‌ఏ ద్వారా ప్రకటించాడు. అంతకు ముందు చేసిన ఏ వీడియోలోనూ ఇది ఉండదు. ద్యాత్లోవ్ పాస్ కూడా అంతే. 1959లో రష్యా మంచు కొండల్లో తొమ్మిది మంది పోయిన ఆ కేసుకు మంచు పలక జారడమే కారణం కావచ్చని 2021లో స్విట్జర్లాండ్ పరిశోధకులు లెక్కగట్టి చూపించారు. కాబట్టి ఏ మిస్టరీ వీడియో అయినా ప్లే నొక్కే ముందు అప్‌లోడ్ తేదీ చూసుకోండి.

మిస్టర్ బాలెన్ గురించి ఇంట్లోనే రెండు పార్టీలు. ఒకప్పటి నేవీ సీల్ (అమెరికా నౌకాదళ కమాండో), తిరగేసిన టోపీ, చేతులు తిప్పుతూ అరుగు మీద కూర్చుని చెప్పినట్టు చెబుతాడు. ముగింపు చివరి నిమిషం దాకా దాచిపెట్టడంలో మొనగాడే. కాకపోతే ఒంటరిగా చనిపోయిన మనిషి ఆఖరి క్షణంలో ఏమనుకున్నాడో కూడా చెప్పేస్తాడు. అది ఎవరికి తెలుసు? కథగా వినండి, సాక్ష్యంగా కాదు. దట్ చాప్టర్‌లో ఐరిష్ యాస మొదట కొరుకుడు పడదు, వేగం 0.75కి తగ్గించి రెండు వీడియోలు చూస్తే అలవాటవుతుంది. నేరస్థుడి మీదే జోకులు, బాధితుల మీద వేయడు.

జేసీఎస్ అనే ఇంగ్లీషు ఛానెల్ మీద కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మన తెలుగు క్రైమ్ ఛానెళ్లు చాలావరకు దీన్ని చూసే వాత పెట్టుకున్నాయి. పోలీసు గదిలో విచారణ వీడియోను ఆపి ఆపి, ‘ఇక్కడ చేతులు కట్టుకున్నాడు చూడండి, ఇక్కడ అబద్ధమాడాడు’ అని విడమరుస్తుంది. కట్టిపడేస్తుంది, ఒప్పుకోవాలి. కానీ శిక్ష పడ్డాక వెనక్కి తిరిగి చూస్తే ఏ కదలికైనా దొంగ కదలికలాగే ఉంటుంది. నిర్దోషి కూడా పోలీసుల ముందు గోళ్లు కొరుక్కుంటాడు. పైగా ఆ వీడియోలు బయటికి రావడానికి ఫ్లోరిడా లాంటి రాష్ట్రాల్లో ప్రభుత్వ రికార్డుల చట్టాలున్నాయి. మన దగ్గర స్టేషన్ గది వీడియో అలా చేతికి రాదు. అందుకని మనవాళ్లు ఊహాచిత్రం తీసి, వెనక డప్పు సంగీతం వేసి, ‘పోలీసుల ముందు నేరం ఒప్పుకున్నాడు’ అని కేసు మూసేస్తారు. పోలీసు అధికారి ముందు ఒప్పుకోలు కోర్టులో సాక్ష్యంగా చెల్లదు. పాత సాక్ష్యాధారాల చట్టంలో అది 25వ సెక్షన్, 2024 జులై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియంలో 23వది. ఒప్పుకోలుతో ముగిసే వీడియో సగం వీడియోనే.

బెజవాడ వాళ్లు వాడగల పరీక్ష ఒకటుంది. 2007 నాటి హాస్టల్ హత్య కేసు. కింది కోర్టు 2010లో శిక్ష వేసిన మనిషిని ఉమ్మడి హైకోర్టు 2017లో నిర్దోషిగా విడిచిపెట్టింది, 2018లో దర్యాప్తు సీబీఐకి వెళ్లింది. ఆ కేసు మీద ఛానెల్ చేసిన వీడియోలో కథ ఎక్కడ ఆగింది? విడుదలైన మనిషి మొహాన్ని ఇంకా ఎర్రగీత కొట్టి థంబ్‌నెయిల్‌లో పెట్టారా? అలాగే లైంగిక దాడి కేసుల్లో బాధితురాలి పేరు, ఫొటో చూపిస్తే వెంటనే మానేయండి. భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద అది రెండేళ్ల దాకా జైలు పడే నేరం. ఆ మాత్రం చదవనివాడు ఛార్జిషీటు చదివాడంటే నమ్మేదెలా? తీర్పు కావాలంటే ఈ-కోర్ట్స్ సైటులో కేసు నంబరుతో దొరుకుతుంది, నేలపాడు హైకోర్టువి కూడా. ఇరవై నిమిషాల వీడియో కన్నా తీర్పులో మొదటి పది పేరాలు నయం. మన దేశపు కేసులకు ఇంగ్లీషులో దేశీ క్రైమ్ పాడ్‌కాస్ట్ ఫర్వాలేదు. ఇద్దరు చెప్పుకుంటారు, కబుర్లు కాస్త ఎక్కువే.

తెలుగులో మిస్టరీ, సైన్స్, చరిత్ర కలిపి చెప్పేవాళ్లలో విక్రమ్ ఆదిత్య వీడియోలు ఇంట్లో అందరూ కలిసి చూడదగ్గవి. యంత్రం గొంతుతో వాయిస్ ఓవర్ చేసేవి మాత్రం వద్దు. ఒత్తులు మింగుతుంది, విదేశీ పేర్లు ఒక్కోసారి ఒక్కోలా పలుకుతుంది, ఎవరు చచ్చారో ఎవరు చంపారో కలిసిపోతుంది.

ఇక కోటల్లో రాత్రి తిరిగే దెయ్యాల వేట. వాళ్ల చేతిలో దీపాలు వెలిగే ఈఎంఎఫ్ మీటరు (విద్యుదయస్కాంత క్షేత్రాన్ని కొలిచేది) దగ్గర్లోని మొబైల్‌కీ, గోడలో వైరుకీ కూడా వెలుగుతుంది. పక్కవాడి జేబులో ఫోను మోగినా ‘వచ్చింది, వచ్చింది’ అంటారు. స్పిరిట్ బాక్స్ అంటే రేడియో స్టేషన్లను గబగబా తిప్పే పెట్టె. కొండవీడు మీద ‘వెళ్లిపో’ అని వినబడితే అది ఎఫ్‌ఎం ప్రకటనలో తెగిన ముక్క కావచ్చు. తేలే తెల్లటి గోళాలు లెన్సుకు దగ్గరగా ఉన్న దుమ్ము మీద పడ్డ లైటు. ఆ లైటు కెమెరా నుంచి దూరంగా పట్టుకుంటే గోళాలు చాలావరకు పోతాయి, ఎవరూ పట్టుకోరు మరి. ఈ గోలలో బజ్‌ఫీడ్ అన్‌సాల్వ్‌డ్ ఒకటే నవ్వించింది: ఒకడు నమ్ముతాడు, ఒకడు నమ్మడు, 2021లో ఆపేశారు గానీ పాతవి ఇప్పటికీ చూడొచ్చు.

నిజంగా వణుకు కావాలంటే కల్పన అని ఒప్పుకున్నవే మేలు. లోకల్ 58 ఒక చిన్న ఊరి టీవీ స్టేషన్ ప్రసారాల్లా ఉంటుంది. దూరదర్శన్ ‘అంతరాయానికి చింతిస్తున్నాం’ చూసి పెరిగినవాళ్లకు ఇంకా బాగా ఎక్కుతుంది. కేన్ పిక్సెల్స్ ఛానెల్‌లోని బ్యాక్‌రూమ్స్ సిరీస్ 2022 జనవరిలో మొదలైంది, చేసినవాడికి అప్పుడు పదహారేళ్లు. పసుపు గోడలు, ట్యూబ్‌లైటు జుయ్యిమనే చప్పుడు, అంతే. బొమ్మలతో నింపాదిగా చెప్పే బెడ్‌టైమ్ స్టోరీస్ నిద్రకు ముందు చాలు. ‘ఓ స్త్రీ రేపు రా’ అని గోడల మీద రాసుకున్న ఊళ్లు మనవి. ఆ ఒక్క పుకారు మీద ఇంత శ్రద్ధగా ఎవరైనా తెలుగులో తీస్తే బాగుండు.

సెట్టింగుల సంగతి. ఇంగ్లీషు వీడియో హిందీలో మొదలైతే కంగారు పడకండి, అది యూట్యూబ్ చేసిన ఆటో డబ్బింగ్. గేరు గుర్తు, ఆడియో ట్రాక్, ‘ఒరిజినల్’ నొక్కండి. కంప్యూటర్లో అదే గేరులో సబ్‌టైటిళ్లు, ఆటో ట్రాన్స్‌లేట్, తెలుగు అని ఎంచుకోవచ్చు. కాకపోతే పేర్లు, తేదీలు తప్పుతాయి, కోర్టు మాటలు మరీ ఘోరం. ‘స్టేబుల్ వాల్యూమ్’ ఆన్‌లో ఉంటే గుసగుసా కేకా ఒకే ఎత్తుకి వస్తాయి. రాత్రి పక్కన పిల్లలు పడుకుని ఉంటే ఆన్ చేయండి, హారర్ కల్పన చూసేటప్పుడు ఆఫ్. 480పీలో గంటకు దాదాపు అర జీబీ ఖర్చు. రోజుకి ఒకటిన్నర జీబీ ప్యాక్‌లో మెంటార్ పైలట్‌ని 1080పీలో పెడితే సాయంత్రానికి అయిపోతుంది. మాటలే ముఖ్యమైనవి 240పీలో పెట్టుకుంటే ఏం పోదు.

ఇంట్లో టీవీకి ఒకటే అకౌంటు అయితే, ఇవి చూసే ముందు హిస్టరీలోకి వెళ్లి వాచ్ హిస్టరీ ఆపేయండి. మర్చిపోతే ఆ వీడియోని హిస్టరీలోంచి తీసేసి, హోమ్ పేజీలో ఆ ఛానెల్ వీడియో కనబడితే దాని పక్కన మూడు చుక్కలు నొక్కి ‘ఈ ఛానెల్‌ని సూచించవద్దు’ అనండి. లేదంటే తెల్లారి సుప్రభాతం పెట్టబోయిన అమ్మమ్మకి దాని కిందే శవపేటిక కనిపిస్తుంది.