పైథాన్‌లో టపుల్: ఆరేళ్ల వాడకం తర్వాత

మా ఊళ్లో నాన్నగారు నడిపే పాల కేంద్రం లెక్కలను 2019 నుంచి నేను పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలోనే చూస్తున్నాను. అందులో విలువలను ఒకచోట కలిపి ఉంచే లిస్ట్, టపుల్, డిక్షనరీ, సెట్ అంటే ఏమిటో ఏ పాఠంలోనైనా మొదటి వారంలోనే చెప్పేస్తారు కాబట్టి ఆ నిర్వచనాల జోలికి నేను పోను. ఈ నాలుగింటిలో నేను మొదట పనికిరానిదని పక్కన పెట్టి, ఇప్పుడు అది లేకుండా ఒక్క పూట లెక్క కూడా రాయలేని స్థితికి వచ్చిన టపుల్ గురించే చెప్పాలని ఉంది.

మొదటి రెండేళ్లూ నా కంటికి లిస్ట్ తప్ప మరొకటి ఆనలేదు. చివర చేర్చవచ్చు, మధ్యలో తీసేయవచ్చు, తప్పు పడితే అక్కడికక్కడే దిద్దవచ్చు. ఇన్ని చేయగలిగేది చేతిలో ఉండగా, ఒకసారి రాశాక మార్చడానికి వీల్లేని టపుల్ ఎవరికి కావాలి అనుకునేవాణ్ణి. అప్పుడే నేర్చుకుంటున్న మా తమ్ముడికీ అదే మాట చెప్పాను. మాకు పాలు పోసే 86 మంది రైతుల్లో ఒక్కొక్కరికీ ఒక చిన్న లిస్ట్, అందులో లీటర్లు, వెన్న శాతం. ఆ 86 చిన్న లిస్టులూ కలిపి పూటకు ఒక పెద్ద లిస్ట్. ఆ ఏర్పాటు ఏ ఇబ్బందీ లేకుండా సాగింది.

2021 వానాకాలంలో ఒక సాయంత్రం వెన్న శాతం కొలిచే మా ఫ్యాట్ మిషన్ ఎక్కువ చూపిస్తోందన్న అనుమానం వచ్చింది. దాచి ఉంచిన నమూనా సీసాలను మరో మిషన్‌లో పరీక్షించి, కొత్త అంకెలు ఎక్కించమన్నారు. పాత అంకెలు పోకూడదన్న జాగ్రత్తతోనే నేను ముందుగా "పాతవి = నేటివి[:]" అని నకలు తీసే ఒక వరుస రాసుకున్నాను (పైథాన్ 3లో పేర్లు తెలుగులోనే పెట్టుకోవచ్చు, నేను అలాగే పెడతాను). ఆ తర్వాతే "నేటివి"లో ఒక్కొక్కరి వెన్న శాతాన్నీ దిద్దాను. రాత్రి తొమ్మిదింటికి డెయిరీ నుంచి ఫోన్ వచ్చింది: పాత అంకెకూ కొత్త అంకెకూ ఎంత తేడా ఉందో రైతువారీగా పంపమన్నారు. తీసివేత రాసి నడిపితే తెర మీద 86 వరుసల్లోనూ 0.0 అని వచ్చింది. మొదటి సీసా 7.1 నుంచి 6.6కు దిగడం నేను కళ్లారా చూశాను. అయినా దాని ఎదురుగా కూడా 0.0 అనే ఉంది.

కారణం తెలుసుకోవడానికి అర్ధరాత్రి దాటింది. [:] అన్నది పెద్ద లిస్టుకు మాత్రమే నకలు తీస్తుంది, లోపలి చిన్న లిస్టులకు తీయదు. రైతుల పాస్‌బుక్కులు ఏ వరుసలో ఉన్నాయో రెండు కాగితాల మీద రాసుకున్నంత మాత్రాన పాస్‌బుక్కులు రెండేసి కావు కదా. నా "పాతవి", "నేటివి" రెండూ అవే 86 చిన్న లిస్టులను చూపిస్తున్నాయి. "పాతవి[0] is నేటివి[0]" అని, అంటే రెండింటిలోని మొదటి చిన్న లిస్ట్ ఒక్కటేనా అని అడిగితే ట్రూ (అవును) అని జవాబు వచ్చినప్పుడు నా గుండె జారిపోయింది. ఫైలును కూడా దిద్దిన అంకెలతోనే భద్రపరిచాను కాబట్టి అసలు అంకెలు ఇక రైతుల చేతిలోని చీటీల్లోనే మిగిలాయి. మర్నాడు తెల్లవారుజామున క్యాన్లతో వచ్చినవారిని ఒక్కొక్కరినే అడిగి 71 చీటీలు సంపాదించాను. మిగిలినవి జేబుల్లో తడిసి చిరిగిపోయాయి. ఆ 15 మందికి నాన్నగారు తన కమీషన్‌లోంచి సర్దారు. నన్ను ఒక్క మాట కూడా అనలేదు, కానీ ఆ వారమంతా ఆయన ముందు తలెత్తలేకపోయాను.

లోపలి లిస్టులకు కూడా నకలు తీసే డీప్‌కాపీ వాడి ఉంటే సరిపోయేది, నిజమే. అయితే అది ప్రతిసారీ నేను గుర్తుపెట్టుకుని చేయవలసిన పని. రైతు నమోదును (5.2, 7.1) అని టపుల్‌గా రాస్తే నేను మరచిపోయినా పైథాన్ మరచిపోదు, అందులో ఒక అంకె మార్చబోతే టైప్‌ఎర్రర్ అనే తప్పు సందేశం ఇచ్చి అక్కడే ఆగిపోతుంది. అంకె మారిందంటే కొత్త టపుల్ రాయవలసిందే, పాతదానికి ఏమీ కాదు. లోపమని నేను తీసిపారేసిన గుణమే ఇది. పైగా లోపల మార్చదగినవేవీ లేనంత వరకు టపుల్‌ను డిక్షనరీలో కీగా, అంటే దాని ఎదుట ఉన్న విలువను వెతికి తీసే గుర్తుగా కూడా వాడుకోవచ్చు, లిస్ట్‌కు ఆ వీలు లేదు. ఇప్పుడు నా డిక్షనరీలో తేదీ, పూట, రైతు నంబరు కలిపిన టపుల్ కీ అయితే, దాని ఎదుట ఆ రైతు నమోదులన్నీ వచ్చిన క్రమంలో ఉంటాయి. పైథాన్ 3.7 నుంచి డిక్షనరీ కూడా చేర్చిన వరుసను నిలబెడుతుందన్న హామీ ఉంది కాబట్టి బిల్లు కూడా రైతులు క్యూలో నిలబడ్డ వరుసలోనే అచ్చవుతుంది.

దీనిలో నన్ను విసిగించినవీ లేకపోలేదు. ఒకే అంకెతో (5.2) అని రాస్తే అది టపుల్ కాదు, ఉత్త అంకె, (5.2,) అని కామా పెట్టాలి, ఆ కామా ఎన్నిసార్లు మరిచానో లెక్క లేదు. టపుల్ లోపల లిస్ట్ పెడితే ఆ లిస్ట్ మామూలుగానే మారిపోతుంది కాబట్టి రక్షణ అక్కడితో ఆగిపోతుంది. ఆరు నెలల తర్వాత చూస్తే నమోదు[1] అన్నది లీటర్లో వెన్న శాతమో నాకే తెలిసేది కాదు. లోపలి ప్రతి విలువకూ పేరు పెట్టుకునే నేమ్డ్‌టపుల్‌కు మారి, నమోదు.వెన్న అని రాయడం మొదలుపెట్టాకే ఆ బాధ తీరింది.

నాది 86 మంది రైతుల లెక్క, దిద్దిన ప్రతి అంకెకూ జవాబు చెప్పవలసిన లెక్క. నిమిషానికోసారి నిల్వ మారే దుకాణం నడిపేవారికి ఇంత పట్టుదల అడ్డంకిగా తోచవచ్చు. ఎవరైనా దగ్గర కూర్చోబెట్టి నేర్పినవారు నేను పడ్డ గోతిలో అసలు పడరేమో కూడా. నేనూ లిస్టును వదిలేయలేదు. క్యూలో ఎవరి తర్వాత ఎవరో లిస్టులోనే ఉంటుంది, దిద్దుబాట్లు పేర్చేదీ లిస్టులోనే; ఆ సాయంత్రం 7.1గా నమోదైన రైతు పేరిట ఇప్పుడు రెండు టపుల్స్ ఉన్నాయి, ఒకదాంట్లో 7.1, రెండోదాంట్లో 6.6.