మనోవర్తి ఒకేసారి తీసుకోవాలా, నెలనెలా తీసుకోవాలా: ఏది మేలు?

పరస్పర అంగీకారంతో విడిపోవడానికి సిద్ధపడిన మహిళలు, వారి తరఫున మాట్లాడే పెద్దలు నన్ను పదేపదే అడిగే ప్రశ్న ఇది. హిందూ వివాహ చట్టం, 1955లోని 25వ సెక్షన్ ఈ రెండు పద్ధతులకూ వీలు కల్పించింది. రాజీ కుదుర్చుకునే కేసుల్లో ఏది కావాలో తేల్చుకోవలసింది ఆ ఇద్దరే. చాలామంది నెలకు ఇంత చొప్పున ఇన్నేళ్లకు ఎంతవుతుందో లెక్క వేసి, దాన్ని చేతికొచ్చే మొత్తంతో పోల్చి చూస్తారు. ఆ లెక్క అవసరమే కానీ, దానికంటే ముందు వేసుకోవలసిన ప్రశ్న మరొకటి ఉంది: ఆ డబ్బు రాకపోతే దాని కోసం తిరగవలసింది ఎవరు?

కాగితం మీద నెలవారీ మనోవర్తికే బలం ఎక్కువగా కనిపిస్తుంది. పరిస్థితులు మారితే మొత్తాన్ని మార్చమని మళ్లీ కోర్టును కోరవచ్చు. ధరల పెరుగుదలను కూడా ఉత్తర్వులోనే చేర్చుకోవచ్చు. 2025 మే నెలలో సుప్రీంకోర్టు ఒక కేసులో నెలకు 50,000 రూపాయలు నిర్ణయించి, రెండేళ్లకోసారి అది 5 శాతం పెరగాలని కూడా ఆదేశించింది. అయితే తీసుకునే వ్యక్తి మళ్లీ పెళ్లి చేసుకుంటే ఈ ఉత్తర్వును మార్చమనో రద్దు చేయమనో అవతలి పక్షం అడగవచ్చు. పైగా నెలనెలా వచ్చే ఈ సొమ్మును ఆదాయంగా పరిగణించి పన్ను వేస్తారు.

అసలు చిక్కు వసూలులో ఉంది. మతంతో నిమిత్తం లేకుండా అందరికీ వర్తించే పాత నేర విచారణ స్మృతి 125వ సెక్షన్, 2024 జూలై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 144వ సెక్షన్ అయింది. దాని ప్రకారం ఇవ్వని ప్రతి నెల మనోవర్తికీ నెల రోజుల వరకు జైలుకు పంపే అధికారం మేజిస్ట్రేటుకు ఉంది. జైలుకు వెళ్లినంత మాత్రాన బాకీ తీరినట్టు కాదని సుప్రీంకోర్టు 1988లోనే స్పష్టం చేసింది. కానీ ఈ మార్గంలో వసూలు చేయాలంటే బకాయి పడిన ఏడాదిలోగా దరఖాస్తు చేసుకోవాలి. భర్త నాలుగు నెలలు సక్రమంగా కట్టి, ఐదో నెల మానేసి, ఇల్లు మారి, నోటీసు అందకుండా చేసుకుంటే, ఉద్యోగానికి సెలవు పెట్టి వాయిదా వాయిదాకూ కోర్టు వరండాలో కూర్చోవలసింది భార్యే. తెగిపోయిందనుకున్న బంధం ఒక్కో నెల మొదటి తేదీన మళ్లీ ఎదురుగా వచ్చి నిలబడుతుంది. ఈ అలసటను ఏ లెక్కలోనూ చూపలేకపోయినా, నా దృష్టిలో నిర్ణయాన్ని తేల్చవలసింది ఇదే. భర్త ప్రభుత్వోద్యోగి అయితే జీతం నుంచే జప్తు చేయించుకునే వీలుంటుంది గనుక ఈ కష్టం కొంత తగ్గుతుంది. సొంత వ్యాపారం చేసేవారి విషయంలోనూ, విదేశాల్లో ఉండేవారి విషయంలోనూ అది రెట్టింపవుతుంది.

ఏకమొత్తంలో ఈ తిరుగుడు ఉండదు. విడాకుల సందర్భంగా ఒకేసారి అందే మొత్తం ఆదాయం కిందికి రాదని, పన్ను పడదని బొంబాయి హైకోర్టు చాలా కాలం కిందటే చెప్పింది. దీని లోపాలూ తక్కువేమీ కావు. ఒకసారి పుచ్చుకుని ఇక ఏ హక్కూ లేదని సంతకం చేశాక, రేపు ఆరోగ్యం చెడినా మళ్లీ అడగడం కష్టం. అందువల్ల మొత్తం ఒప్పుకోవడానికి ముందే అవతలివారి ఆస్తులు, అప్పుల వివరాలతో ప్రమాణపత్రం అడగాలి. మనోవర్తి కేసుల్లో ఇద్దరూ దాన్ని దాఖలు చేయాలని సుప్రీంకోర్టు 2020 నవంబరులో నిర్దేశించింది. ఇంకో జాగ్రత్త కూడా ఉంది. విడాకుల డిక్రీ (కోర్టు తుది ఉత్తర్వు) వచ్చేదాకా ఇద్దరి సమ్మతీ నిలిచి ఉండాలని 1991 నాటి తీర్పు ఉంది కాబట్టి, మధ్యలో ఎవరైనా వెనక్కి తగ్గవచ్చు. సొమ్ములో ఒక భాగం ఇద్దరూ కలిసి దరఖాస్తు వేసే మొదటి దశలోను, మిగిలినది సమ్మతిని మళ్లీ తెలిపే రెండో దశలో జడ్జి ఎదుట డీడీ రూపంలోను అందేలా రాసుకుంటే ఇద్దరికీ భద్రత ఉంటుంది.

ఇల్లో స్థలమో రాసివ్వడం మూడో పద్ధతి. బ్యాంకు అప్పు లేదని ఈసీలో (ఆస్తిపై ఉన్న తాకట్టులు, లావాదేవీలు చూపే ధ్రువపత్రంలో) చూసుకుని, రిజిస్ట్రేషన్ పూర్తయ్యాకే తుది సంతకం చేస్తే అదీ మంచిదే.

ఇంతవరకూ చెప్పింది భార్య వాటా గురించి. పిల్లల విషయంలో మాత్రం నా అభిప్రాయం దీనికి పూర్తిగా విరుద్ధం. తల్లికీ బిడ్డకూ కలిపి ఇంత అని ఒకే అంకె వేసే రాజీ పత్రాలు చూసినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. కూతురికి రావలసిన పోషణ ఖర్చును, ఆస్తి హక్కును తల్లి తన విడాకుల ఒప్పందంలో వదులుకోవడం చెల్లదని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. హిందూ దత్తత, మనోవర్తి చట్టం, 1956లోని 20వ సెక్షన్ ప్రకారం పెళ్లికాని కూతురు తనను తాను పోషించుకోలేని స్థితిలో ఉంటే, మేజరు అయిన తరువాత కూడా తండ్రి బాధ్యత తీరదు. నేడు నాలుగేళ్లున్న బిడ్డ ఏం చదువుతుందో, ఎంత ఖర్చవుతుందో ఇప్పుడే తేల్చి ఒక మొత్తంగా కట్టడం ఎవరికి సాధ్యం? కాబట్టి పిల్లల పోషణ నెలవారీగానే ఉండాలి, ఏటా ఎంత పెరగాలో అందులోనే ఉండాలి, ఫీజులు తండ్రి నేరుగా బడికి కట్టాలి. బిడ్డను చూపించడానికీ ఈ డబ్బుకూ ముడిపెట్టే షరతుకు ఏ పక్షమూ ఒప్పుకోకూడదు. డబ్బు ఆగిందని బిడ్డను దాచడం, బిడ్డను చూపలేదని డబ్బు ఆపడం రెండూ పసివాళ్లకే శిక్ష.

అందువల్ల తల్లికి ఏకమొత్తం, బిడ్డకు నెలవారీ అని విడివిడిగా రాయించుకోవడమే నేను సూచించే పద్ధతి. బిడ్డకు ఇచ్చేది ఏ తేదీలోగా, ఏ ఖాతాలో పడాలో స్పష్టంగా ఉండాలి. తండ్రికి స్థిరాస్తి ఉంటే, చెల్లింపుకు హామీగా దాని మీద చార్జ్ (బాకీని ఆ ఆస్తి నుంచి రాబట్టుకునే హక్కు) ఏర్పరచమని కోరే వీలు అదే 25వ సెక్షన్‌లో ఉంది. బిడ్డ పోషణకూ అలాంటి చార్జ్‌ను రాజీ షరతుల్లోనే పెట్టించి, డిక్రీలో నమోదయ్యేలా చూసుకోండి.