వీడియో పోకర్ ప్రాక్టీస్ యాప్: రెండేళ్ల వాడకం, ఒక చిన్న టిక్కు

మొదటి ఆరు నెలలూ ఈ యాప్‌ని అడిగినవాళ్ల దగ్గరా అడగనివాళ్ల దగ్గరా తెగ పొగిడాను. ఆ మాటల్లో కొన్ని ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను. కొన్నే. పేరు మాత్రం చెప్పను, ఎందుకంటే తర్వాత చూసిన మరో రెండు యాప్‌లలోనూ ఇదే జబ్బు ఉంది.

వీడియో పోకర్‌లో మెషిన్ ఐదు ముక్కలిస్తుంది, కావలసినవి ఉంచుకుని మిగతావి ఒక్కసారి మార్చుకోవచ్చు, చివరికి చేతిలో ఏం పడిందో దాన్నిబట్టి బెట్‌కి (ఒక ఆటకి పెట్టే పందేనికి) ఇన్నింతలని ఇస్తుంది. నేను పొగిడింది తప్పు పట్టుకునే హెచ్చరికని. మనం ఉంచకూడని ముక్క ఉంచగానే టింగుమని మోగి, మన ఎంపిక విలువా సరైన ఎంపిక విలువా పక్కపక్కన చూపిస్తుంది. 5, 5, 6, 7, 8 వస్తే నేను ఎప్పుడూ ఒక ఐదు పారేసి స్ట్రెయిట్ (వరసగా ఐదు ముక్కలు) కోసం చూసేవాణ్ణి. మిగిలిన 47 ముక్కల్లో పనికొచ్చేవి 8, వస్తే నాలుగింతలు, అంటే సగటున 0.68 బెట్. బోడి ఐదుల జత ఉంచుకుంటే సుమారు 0.82. అదే చిన్న జతతో పాటు వరస కాని నాలుగు ఇస్పేట్లు పడి ఉంటే లెక్క తిరగబడుతుంది: ఫ్లష్‌కి (ఐదూ ఒకే గుర్తువి) పనికొచ్చేవి 47లో 9, వస్తే ఆరింతలు, 1.15. అప్పుడు ఆ జతని వదిలెయ్యాల్సిందే. పుస్తకంలో పట్టిక చదివితే ఇది నాకు ఒంటబట్టేది కాదు. రెండు నెలల్లో చెయ్యి దానంతటదే సరైన ముక్క మీదకి వెళ్లడం మొదలెట్టింది.

(ఒక చికాకు. జాకీల జత విరగ్గొట్టి స్ట్రెయిట్ వెనక పడి 0.8 బెట్ పోగొట్టినా, వందో వంతు కూడా తేడా రాని పొరపాటు చేసినా, అదే టింగు. రెంటికీ ఒకటే తిట్టు పెడితే ఎలా?)

ఆ ఊపులో 30,000 ఆటలు ఆడాను. తప్పులు నూటికి ఒకటి కూడా లేవు. 200 బెట్లతో మొదలుపెట్టిన బ్యాలెన్స్ 160 దగ్గర ఉంది. అంటే ఇన్ని ఆటలకి 40 బెట్లు పోయాయన్నమాట. ఇంతేనా అనుకున్నాను. ఫుల్ హౌస్‌కి (ఒకే రకం మూడు, ఇంకో జత) 9, ఫ్లష్‌కి 6 ఇచ్చే జాక్స్ ఆర్ బెటర్‌లో (జాకీల జత నుంచీ డబ్బిచ్చే ఆట ఇది) తప్పు లేకుండా ఆడితే, పెట్టినదాంట్లో సగటున 99.54 శాతం తిరిగొస్తుందని తెలుసు. గంటకు 600 ఆటలు ఆడితే పోయేది మూడు బెట్ల లోపే. కాబట్టి నిజం మెషిన్ ముందు కూర్చోవడానికి 100 బెట్ల డబ్బు బోలెడు అనిపించింది.

కూర్చున్నాను. ముందు పే టేబుల్ (దేనికి ఎన్నింతలిస్తారో చెప్పే పట్టిక) చూశాను. 9, 6 ఉన్నాయి. 8, 5 ఉంటే తిరిగొచ్చేది 97.30 శాతమే అని యాప్ దగ్గరే నేర్చుకున్నాను, ఆ గొప్ప దానిదే. రాయల్ ఫ్లష్‌కి (ఒకే గుర్తులో పది నుంచి ఆసు దాకా) 4,000 కాయిన్లు రావాలంటే ఆటకి ఐదు కాయిన్లూ వెయ్యాలి, ఒక్క కాయినైతే 250 మాత్రమే. అదీ పాటించాను. రెండు గంటలు కాకముందే 100 బెట్లూ అయిపోయాయి. ఒక్క ముక్క కూడా తప్పు ఉంచలేదని ఇప్పటికీ నా నమ్మకం. తప్పు చేసి ఓడితే తిట్టుకోవడానికి ఏదో ఒకటి దొరుకుతుంది. అన్నీ సరిగ్గా చేసి ఓడితే అదీ ఉండదు.

ఆ రాత్రి యాప్‌లో గణాంకాల పేజీ అడుగు దాకా వెళ్లాను. చివర్లో చిన్న అక్షరాలతో ఒక వరస: 'బ్యాలెన్స్ నింపినవి: 4'. బ్యాలెన్స్ సున్నాకి రాగానే చప్పుడు చెయ్యకుండా మళ్లీ 200 బెట్లు వేసే సెట్టింగు ఒకటుంది. దాని పక్కన టిక్కు ముందే పెట్టి ఉంది. నేను పోగొట్టింది 40 కాదు, 840. వందో వంతు తప్పుకి టింగుమనే యాప్, నేను నాలుగుసార్లు దివాలా తీస్తే నోరు మెదపలేదు.

తర్వాత కూర్చుని లెక్కేస్తే ఆ 840 పెద్ద వింతేమీ కాదు. ఆ 99.54లో దాదాపు 2 రాయల్ ఫ్లష్‌దే. అది సుమారు 40,000 ఆటలకొకసారి వస్తుంది. 30,000 ఆటలాడినా రాయల్ మొహం చూడనివాళ్లు దాదాపు సగం మంది ఉంటారు. అది వచ్చేదాకా మనకి తిరిగొచ్చేది 97.5 దగ్గరే. పైగా 600 ఆటలకి ప్రామాణిక విచలనం (ఫలితం సగటుకి అటూ ఇటూ ఎంత ఊగుతుందో చెప్పే కొలత) 108 బెట్లు. మూడు బెట్ల సగటు నష్టం దాని పక్కన కనబడదు. నేను సగటు ఒక్కటే చూసి జేబులో డబ్బు పెట్టుకున్నాను.

టిక్కు తీసేశాక యాప్ కొత్తగా ఉంది. 100 బెట్లతో 2,000 ఆటలు లాగగలనా అని పదిసార్లు ప్రయత్నిస్తే, నాలుగుసార్లు మధ్యలోనే ఖాళీ. 200తో పదిసార్లలో ఒక్కసారే. పదిసార్లతో ఏదీ తేలదనుకోండి, కానీ సున్నా చూడటం అలవాటైంది. ఇప్పుడు డబ్బు తక్కువగా ఉంటే కాయిన్లు తగ్గించను, చిన్న విలువ కాయిన్ తీసుకునే మెషిన్ చూసుకుంటాను. లేదంటే లేచి వచ్చేస్తాను.

కొనమంటారా అంటే, నేను ఏడాదికి రెండు మూడుసార్లు, పోయినా ఫరవాలేదనుకున్న డబ్బుతో ఆడేవాణ్ణి. ముక్కలు ఉంచడం నేర్చుకోవడానికి నాకు ఇంతకంటే మంచిది దొరకలేదు, ఆ మాట మీద ఇంకా ఉన్నాను. పోయినదాన్ని రాబట్టుకోవాలని కూర్చునేవాళ్లకి మాత్రం ఇది ఇవ్వను, ఎందుకంటే బాగా ఆడుతున్నామన్న ధైర్యం ఇది చాలా త్వరగా ఇస్తుంది. నాకు ఇచ్చింది కదా.

అన్నట్టు, మొత్తమ్మీద 58,000 దాటాక రాయల్ ఒకటి వచ్చింది. కళావర్లు. యాప్‌లోనే.