కేవీకే పుట్టగొడుగుల శిక్షణ: పెంపకం చక్కగా నేర్పారు, అమ్మకం సంగతే తేల్చలేదు

గ్రామీణ యువత నైపుణ్య శిక్షణ పథకం కింద మా జిల్లా కృషి విజ్ఞాన కేంద్రం (కేవీకే)లో 7 రోజుల పుట్టగొడుగుల పెంపకం నేర్చుకుని వచ్చాను. డిగ్రీ చదివి ఊళ్లోనే ఉండాలనుకునే అమ్మాయిలు చాలామంది ఎలా ఉందని అడుగుతున్నారు. వెళ్లమనే చెబుతాను.

1974లో పుదుచ్చేరిలో మొదటి కేవీకే పెట్టిన నాటి నుంచి చేస్తూ నేర్చుకోవడమే వీటి పద్ధతి. ఇక్కడ అది నిజంగా కనిపించింది. వరిగడ్డిని చిన్న ముక్కలుగా నరకడం, నానబెట్టడం, 80 డిగ్రీల వేడినీళ్లలో గంటసేపు ఉంచడం, నీడన ఆరబెట్టడం, అన్నీ మా చేతే చేయించారు. తేమ చూడటానికి పరికరమేమీ ఇవ్వలేదు. "పిడికిట్లో గట్టిగా పిండమ్మా, చుక్క కారకూడదు, అరచెయ్యి మాత్రం తడవాలి" అన్నారు నేర్పిన మేడం. కారితే ఆ గడ్డి మళ్లీ నీడన ఆరాల్సిందే. ఎవరినీ వదల్లేదు, అందరి గడ్డీ పిండి చూశారు. జొన్న గింజల మీద తెల్లగా అల్లుకున్న విత్తనాన్ని, సంచిలో గడ్డి నింపే పొరపొరకూ అంచుల వెంట చల్లడం కూడా ఆమె పక్కన నిలబడి చేయించారు. మూసిన గదిలో ముత్యపుచిప్ప (ఆయిస్టర్) పుట్టగొడుగుల నుంచి రాలే సన్నని పొడిలాంటి సిద్ధబీజాలు గాలిలో తేలి దగ్గు తెప్పిస్తాయని, కోతకు వెళ్లేటప్పుడు మూతికి గుడ్డ కట్టుకోవాలని చెప్పారు. ఇలాంటి మాట వీడియోల్లో నాకు ఎక్కడా వినబడలేదు.

శిక్షణ అయ్యాక కూడా ఫోను ఎత్తుతారు. మా గదిలో ఒక సంచి మీద ఆకుపచ్చ బూజు కనిపిస్తే ఫొటో పంపాను. అక్కడ విప్పవద్దు, అలాగే దూరంగా తీసుకెళ్లి పూడ్చమని వెంటనే జవాబు వచ్చింది. మిగతా సంచులు దక్కాయి.

వెలితి రెండు చోట్ల ఉంది. మా బ్యాచ్ నడిచింది మండు వేసవిలో. ముత్యపుచిప్పకు 30 డిగ్రీలు దాటితే కష్టం. ఆ కాలానికి సరిపోయేవి పాల పుట్టగొడుగులు, వాటికి విత్తనం అల్లుకున్నాక పైన మట్టి పొర వేయాలి. ఆ పని బొమ్మల్లో చూపించి వదిలేశారు. అంత ఓపిగ్గా గడ్డి పిండించినవాళ్లు మట్టి కూడా కలిపించి ఉంటే ఎంత బాగుండేది!

రెండోది అమ్మకం. చివరి రోజు ఒక్క తరగతితో ముగించారు. కోసిన పుట్టగొడుగు బయట ఒక రోజు కంటే నిలవదు. హోటల్‌వాళ్లతో ఎలా మాట్లాడాలి, మిగిలినవి ఎండబెట్టి పొడి చేసి ఎవరికి అమ్మాలి, బ్యాంకు అప్పుకు ఏ కాగితాలు కావాలి, ఇవి తెలియకపోతే ఇంట్లోవాళ్లు ఆ గదిని మళ్లీ ధాన్యం బస్తాలకు ఇచ్చేయమంటారు. ఇప్పటికే పెంచి అమ్ముతున్న రైతును ఒక పూట పిలిచి మాట్లాడిస్తే చాలు. పెద్ద ఖర్చేమీ కాదు.

పేరు ఇచ్చే ముందు మీ కేంద్రానికి ఫోను చేసి విత్తనం వాళ్ల ప్రయోగశాలలోనే దొరుకుతుందా, ఎన్ని రోజుల ముందు చెప్పాలి అని అడగండి. ముత్యపుచిప్ప నేర్చుకోవాలంటే చలికాలం బ్యాచ్‌కే వెళ్లండి. వేసవిలోనే కుదిరితే పాల పుట్టగొడుగులు చేతితో చేయిస్తారా అని గట్టిగా అడిగి, అవునంటేనే చేరండి.