నడిమి అట్ట: ఒంగోలులో పేరు లేని ఒక చెప్పుల దుకాణం

ఒంగోలు ట్రంకు రోడ్డు నుండి పక్కకు తిరిగే ఒక ఇరుకు సందులో, జిరాక్సు కొట్టుకూ టీ బడ్డీకీ నడుమ, పది అడుగుల వెడల్పు కూడా లేని చెప్పుల దుకాణం ఒకటి ఉంది. దానికి పేరు లేదు. రేకు మీద తెల్ల రంగుతో 'తోలు చెప్పులు కుట్టబడును, మరమ్మతు చేయబడును' అనీ, దాని కింద కొంచెం పెద్ద అక్షరాలతో 'ఆదివారం సెలవు' అనీ రాసి ఉంటుంది. గడచిన పద్నాలుగు నెలల్లో అక్కడ నేను రెండు జతల చెప్పులు కుట్టించుకున్నాను, ఇంట్లో వారివి మరో అయిదారు జతలు బాగు చేయించాను. బాగు కోసం వేచి ఉన్న ప్రతిసారీ ఆ బల్ల మీద ఒట్టి కాళ్ళతో అరగంటో గంటో కూర్చోవలసి వచ్చినందువల్ల, చెప్పుల గురించే కాక దుకాణం నడిచే తీరు గురించి కూడా నాకు కొంత తెలిసింది.

పేరు లేకపోవడాన్ని ప్రత్యేకంగా చెప్పడానికి కారణం ఉంది. మా ప్రాంతంలో క్రైస్తవుడు దుకాణం తెరిస్తే అది ఎబెనెజరు అనో బేతేలు అనో హోసన్నా అనో పేరు పెట్టుకుని, అద్దం మీద ఒక వాక్యం, గల్లాపెట్టె వెనుక మరో వాక్యం రాయించుకోవడం ఆనవాయితీ. నేనూ మూడు తరాలుగా బాప్టిస్టు సంఘంలో ఉన్న కుటుంబం నుండే వచ్చాను కాబట్టి, చిన్నప్పుడు ఆ బోర్డులను చూసి మనవాళ్ళది అని మురిసిపోయేవాడిని. కొన్నేళ్ళ కిందట అలాంటి పెద్ద వాక్యం రాసి ఉన్న ఒక దుకాణంలో అసలైన తోలు అన్న హామీ మీద చెప్పులు కొన్నాను. తొలి వానకే పై పొర ఊడి, లోపలి నుండి ఉబ్బిన కాగితపు అట్ట బయటపడింది. తీసుకుని వెళ్ళి అడిగితే ఆయన నోటితో ఏమీ అనలేదు, 'అమ్మిన వస్తువు తిరిగి తీసుకోబడదు' అన్న పలక వైపు వేలు చూపించాడు. ఆ పలక సరిగ్గా 'యెహోవా నా కాపరి' అన్న అక్షరాల కిందనే వేలాడుతోంది. అప్పటి నుండి వాక్యం రాసి ఉన్న ఏ దుకాణాన్ని చూసినా నాకు ముందు అనుమానమే కలుగుతోంది. ఇది న్యాయం కాదని తెలుసు, అయినా కలుగుతోంది. ఈ సందులోని దుకాణంలోకి నేను అడుగుపెట్టడానికి దానికి పేరు లేకపోవడం కూడా ఒక కారణమేమో.

ఇక చెప్పుల విషయం. ఇక్కడ కొలత టేపుతో తీసుకోరు. నేల మీద తెల్ల కాగితం పరచి, దాని మీద నిలబడమని, పెన్సిలుతో పాదం చుట్టూ గీత గీస్తారు. కూర్చున్నప్పటి పాదం వేరు, బరువు మోపినప్పటి పాదం వేరు అన్నది దుకాణం యజమాని మాట. నా ఎడమ పాదం కుడిదానికంటే కొంచెం వెడల్పు అన్న సంగతి, యాభై ఏడేళ్ళు ఆ పాదాల మీదనే నడిచినా, నాకు ఆ రోజే తెలిసింది. అడుగుకు గేదె తోలు రెండు పొరలు, వాటి నడుమ మరో పలుచని పొర, పై వార్లకు మెత్తని తోలు, లోపల మేకతోలు అస్తరు వేస్తారు. అడుగు కుట్టు అంతా మైనం పట్టించిన దారంతో చేతితోనే సాగుతుంది. ఆరెతో పొడిచిన ప్రతి రంధ్రంలోనూ దారం రెండు వైపుల నుండీ దూరుతుంది కాబట్టి, ఒక చోట తెగినా మిగిలిన కుట్టు వెంటనే విడిపోదు. తోలు తమిళనాడులోని రాణిపేట, వాణియంబాడి ప్రాంతాల నుండి వస్తుంది. తంగేడు చెక్కతో పదును చేసిన తోలు చిన్నప్పుడు ఊళ్ళోనే దొరికేదనీ, ఆ వాసనే వేరనీ ఆయన అంటారు.

జత ధర పదకొండు వందల యాభై రూపాయలు. మూడు వందలకు రంగురంగుల చెప్పులు దొరికే ఈ రోజుల్లో ఇది తక్కువేమీ కాదు. పైగా మొదటి పది రోజులు ఉంగటం బొటనవేలిని గట్టిగా ఒరుసుకుంటుంది. నాకు బొబ్బ కూడా వచ్చింది. రాత్రిపూట ఉంగటానికి కాస్త ఆముదం రాసి వదిలేయమన్నారు, రాస్తే నాలుగో రోజుకు మెత్తబడింది. బరువు ఎక్కువే. అడుగు వేసినప్పుడు చిన్నగా కిర్రుమంటాయి, మా నాన్నగారి కాలంలో అది పెద్దరికానికి గుర్తు. మా మనవరాలికి మాత్రం తాత వస్తున్నాడని ముందే తెలిసిపోయే గంట.

అయిదు నెలల తరువాత కుడి చెప్పు ఉంగటం దగ్గర కుట్టు వదిలింది. ఇరవై ముప్పై రూపాయలతో పోయే పని కదా అని తీసుకుని వెళ్ళాను. ఆయన దానిని తిప్పి చూసి, ఆ ఒక్క కుట్టు వేసి ఇచ్చి ఉండవచ్చు. అలా చేయకుండా రంపెతో అంచు కుట్టు మొత్తం కోసి, అడుగును పుస్తకంలా తెరిచి నా ముందు పెట్టారు. "దారం పాత ఉండలోది వాడినట్టున్నాం సార్, మైనం సరిగా పట్టలేదు. ఇక్కడ వదిలిందంటే రేపు చుట్టూ వదులుద్ది. మా తప్పే" అన్నారు. నేను చూస్తున్నది దారాన్ని కాదు, నడిమి అట్టను. మా ఇంట్లో ఊడిన ప్రతి చెప్పులోనూ ఆ చోట నేను చూసింది కాగితపు అట్టే. రెండు పొరల మధ్య కుట్టేస్తే కొన్నవాడికి కనబడదు, చెప్పు అరిగి పారేసేదాకా ఎవరికీ తెలియదు కాబట్టి, ఈ పనిలో మిగులు అక్కడే చేసుకుంటారని తరువాత ఆయనే చెప్పారు. నా చెప్పులో ఆ నడిమి పొర కూడా తోలే. ముక్కలు అతికినది కాదు, పాదం ఆకారానికి కోసిన ఒకే ముక్క. తన తప్పు చూపించడానికి తెరిచినప్పుడు మాత్రమే అది నా కంటపడింది. కొత్త దారంతో చుట్టూ తిరిగి కుట్టి ఇచ్చారు, డబ్బు తీసుకోలేదు.

దుకాణంలో ప్రార్థన పాటలు మోగవు. గోడ మీద సంఘం వారు ఇచ్చిన క్యాలెండరు ఉంది కానీ, దాని ముందు వార్ల చుట్టలు వేలాడుతుండడంతో నెల తేదీలు తప్ప వాక్యం కనబడదు. నన్ను ఏ సంఘానికి వెళ్తారని ఆయన అడగలేదు. నేనే ఒకసారి "వందనాలు అన్నా" అంటే, "వందనాలయ్యా" అని, వెంటనే "ఎడమ కాలిది ఇప్పండి" అన్నారు.

గత జూన్‌లో, బళ్ళు తెరిచే వారంలో నేను అక్కడ కూర్చుని ఉండగా ఒక పెద్దమనిషి వచ్చారు. ఏదో వసతి గృహంలో పిల్లలకు ఎనభై జతల చెప్పులు కావాలన్నారు. బేరం కూడా పెద్దగా ఆడలేదు. ధర కుదిరిన తరువాత, బిల్లు మాత్రం జతకు డెబ్బై రూపాయలు కలిపి రాయమన్నారు. యజమాని రంపె కింద పెట్టి, "ఎంత తీసుకుంటానో అంతే రాస్తానయ్యా" అన్నారు. వచ్చినవారికి కోపం రాలేదు, ఒక రకమైన జాలి వచ్చింది. "చర్చికి పోతారు కదా, అందుకా?" అని నవ్వారు. "పోకపోయినా అంతేగా అయ్యా" అని ఈయన మళ్ళీ తోలు మీదికి వంగారు. ఎనభై జతలు ఆ మెట్లు దిగి వెళ్ళిపోయాయి. మిషను దగ్గర అస్తరు కుడుతున్న ఆయన భార్య, మిషను ఆపకుండానే, "పిల్లోడి ఫీజు ఎల్లుండి. ఇంటికి పోయాక మాట్లాడుకుందాం" అన్నారు. ఆయన ముఖంలో విజయగర్వం లాంటిది ఏదైనా ఉంటుందేమోనని చూశాను. దిగులే ఉంది. ప్రసంగాలలో ఇలాంటి సంఘటనలు చెప్పేవారు ఆ సాయంత్రానికే దేవుడు నూటయాభై జతల ఆర్డరు పంపించాడని ముగిస్తారు. నాకు తెలిసినంతవరకు అలాంటి ఆర్డరేదీ రాలేదు.

ఆదివారం సెలవు గురించి కూడా చెప్పాలి. చెప్పుల వ్యాపారానికి ఆదివారం మంచి బేరాల రోజు. అద్దె రోజుల లెక్కన చూసుకుంటే నెలకు నాలుగు రోజుల సంపాదన వదులుకోవడం ఇంత చిన్న దుకాణానికి తేలిక కాదు. కానీ ఒంగోలులో తోలుపని చేసేవారికీ ఆదివారానికీ ఉన్న సంబంధం ఈ దుకాణం కంటే చాలా పాతది. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర 1866లో ఒంగోలు వచ్చి, 1867 జనవరి 1న ఎనిమిది మందితో సంఘం ఏర్పరచినప్పుడు, ఆయన దగ్గరికి మొదట కదలి వచ్చినవారిలో తోళ్ళ వ్యాపారం చేసే మాదిగ కులస్థుడు ఎర్రగుంట్ల పేరయ్య ఒకరు. కొత్తగా చేరినవారికి పెట్టిన నియమాలు మూడే: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలను పూజించకూడదు. ఇందులో ఊళ్ళో పెద్ద గొడవ తెచ్చింది మొదటిది. బావి నుండి నీరు తోడే కపిలకు తోలు తొండం కావాలన్నా, రైతు కాలికి చెప్పులు కావాలన్నా, పిలిచిన రోజున వచ్చి పని చేయడం వారి మీద తరతరాల కట్టుబాటు. వారంలో ఒక రోజు రామని చెప్పడమంటే ఆ కట్టుబాటు మొత్తాన్ని కాదన్నట్టే. ఒక్క రోజు విశ్రాంతి అడిగినందుకు వారు చాలా ఊళ్ళలో వెలివేతను, దెబ్బలను ఎదుర్కొన్నారు.

1876-78 కరువులో క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ళ కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవారికి కూలి పని ఇచ్చాడు. అన్నం కోసం మతం మారారన్న మాట రాకూడదని, సహాయం నడుస్తున్నంత కాలం బాప్తిస్మాలు ఆపి ఉంచాడు. ఆ తరువాతనే, 1878 జూలై 3న, గుండ్లకమ్మలో ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. మా సంఘాలలో ఆ సంఖ్యను ఏటా గర్వంగా చెప్పుకుంటాం. దానికి ముందున్న ఆ ఆపుదల గురించి మాట్లాడేవారు తక్కువ. అలాగే అపొస్తలుడైన పేతురు యొప్పేలో చాలా దినాలు బస చేసింది చర్మకారుడైన సీమోను ఇంట్లోనని చదువుతాం కానీ, ఆ ఇంటి వాసన గురించి ఏ సంఘకాపరీ ప్రసంగించగా నేను వినలేదు. దుకాణం యజమాని తాతగారు తొండాలు కుట్టేవారట. రేకు మీద 'ఆదివారం సెలవు' అన్న ఆ రెండు మాటలు ఎందుకంత పెద్దవిగా రాయించారని అడిగితే, "మా తాతకి అదొక్కటే సొంతం సార్" అన్నారు.

ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న కుర్రవాడు ముస్లిం. శుక్రవారం మధ్యాహ్నం నమాజుకు వెళ్ళి రెండు గంటల తరువాత వస్తాడు. ఆ రెండు గంటలకు కూలి కోత లేదు. శనివారం దీపాలు పెట్టే వేళకు ముందే అతని వారం డబ్బులు లెక్కపెట్టి ఇచ్చేస్తారు. గల్లాపెట్టెలో సరిపోకపోతే టీ బడ్డీ దగ్గర చేబదులు తీసుకుని ఇవ్వడం ఒకసారి చూశాను. కూలివాడి కూలి సూర్యుడు అస్తమించక ముందే ఇయ్యవలెనని ద్వితీయోపదేశకాండంలో ఉన్న మాట అప్పుడు నాకు గుర్తుకు వచ్చింది. ఇరవై ఏళ్ళు బ్యాంకులో జీతాల ఖాతాలు చూసిన నాకు, ఆ మాట సంస్థలకు వర్తిస్తుందని తప్ప మా ఇంట్లో పనిచేసే మనిషికి పదో తారీఖు దాటించి ఇస్తున్న నాకు కూడా వర్తిస్తుందని అంతకుముందు తోచలేదు.

ఇంత చెప్పాక లోపాలు చెప్పకపోతే ఇది సాక్ష్యం అవుతుంది కానీ సమీక్ష కాదు. ఈ దుకాణం ప్రధాన లోపం తేదీ. వారం అన్న చెప్పులు పదకొండు రోజులకు వచ్చాయి. మా అమ్మాయి చెప్పు వార్లు మంగళవారం అని చెప్పి శుక్రవారం ఇచ్చారు. వచ్చిన వారెవరినీ కాదనలేక ఆయన చేతికి మించిన పని ఒప్పుకుంటారు, మొహమాటం కొద్దీ దగ్గరి తేదీ చెబుతారు. బిల్లులో ఒక రూపాయి ఎక్కువ రాయని మనిషి గడువులో మూడు రోజులు తక్కువ చెప్పడం నాకు చిన్న విషయంగా తోచలేదు. మీ మాట అవునంటే అవును, కాదంటే కాదు అని ఉండవలెనన్నది డబ్బుకే పరిమితమైన ఆజ్ఞ కాదు కదా. ఆ మాటనే కొంచెం మెత్తగా ఆయనతో అన్నాను. ఆయన భార్య మిషను ఆపారు. "నేను ఏడేళ్ళ నుంచీ చెప్తున్నా సార్, మీరు చెప్తే వింటాడేమో" అన్నారు.

మిగిలిన లోపాలు చిన్నవి. ఆడవారికి నమూనాలు నాలుగే ఉన్నాయి, అవీ మా తల్లుల కాలం నాటివి. కూర్చునే బల్ల ఒక కాలు పొట్టి. ఫోను ద్వారా డబ్బు పంపవచ్చు కానీ, స్కానరు అట్ట ఎక్కడ పెట్టారో వారే వెతుక్కుంటారు. వానాకాలానికి ఈ చెప్పులు పనికిరావు. తడిస్తే ఎండలో పెట్టకుండా నీడన ఆరబెట్టి ఆముదం రాయాలి. బాగుకు పనికిరాని వాటిని మాత్రం తీసుకెళ్ళినా ఖర్చు లేదు, "ఇది కుట్టినా మూణ్ణెల్లే, డబ్బులు పారేసుకోకండి" అని తిప్పి పంపేస్తారు.

రెండో జతకు ఆర్డరు ఇచ్చినప్పుడు చీటీ మీద గురువారం అని రాసి, నా ముఖం చూసి, దానిని కొట్టివేసి శనివారం అని దిద్దారు. శనివారం అయిదు గంటలకు వెళ్ళాను. చివరి కుట్టు ఇంకా పడుతోంది, కుర్రవాడు మైనం రుద్దుతున్నాడు. అయిదున్నరకు చెప్పులు నా కాళ్ళకు ఉన్నాయి. ఎడమది కొంచెం వెడల్పుగా కుట్టారు.