కంపెనీ ఒప్పందమా, కాలువ సంఘమా? డెల్టా రొయ్యల సాగుకు ఏది మేలు?

భీమవరం, మొగల్తూరు, నరసాపురం ప్రాంతాల రొయ్య రైతు ముందు ఇవాళ రెండు దారులున్నాయి. ఎగుమతి కంపెనీతో ఒప్పందం చేసుకుని, అది ఇచ్చే సీడు (రొయ్య పిల్ల), మేత, సలహా తీసుకుని, పట్టుబడిని దానికే అమ్మడం మొదటిది. ఒకే కాలువ మీద చెరువులున్నవారంతా సంఘంగా ఏర్పడి, సాగు నియమాలు తామే రాసుకుని, కొనేవారితో ఉమ్మడిగా బేరమాడడం రెండోది. ఈ పంట లాభం ఒక్కటే కాకుండా, మన పిల్లల కాలానికి కూడా ఈ నేల, ఈ నీరు సాగుకు పనికిరావాలని కోరుకుంటే ఈ రెంటిలో దేన్ని ఎంచుకోవాలి?

కంపెనీ దారిలో ఉన్న బలాన్ని తక్కువ చేయకూడదు. మన రొయ్యల్లో యాంటీబయాటిక్ అవశేషాలపై అనుమానంతో ఐరోపా సమాఖ్య 2016లో సరుకు తనిఖీలను 10 శాతం నుంచి 50 శాతానికి పెంచింది. ఏ చెరువులో ఏ మందు వాడారో చూపించగల రికార్డులు, ల్యాబ్ పరీక్షలు, శీతల గిడ్డంగులు ఒంటరి రైతుకు అందేవి కావు. మేత డీలరు దగ్గర అరువు తెచ్చి, ఆ బాకీ కోసమే ఏజెంటు చెప్పిన కౌంటు ధరకు (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో దాన్నిబట్టి కట్టే ధర) తలవంచే రైతుకు ముందుగా రాసుకున్న ధర పెద్ద ఊరట. అయితే ఆ ధర నిజంగా కాగితం మీద ఉండాలి. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుపై సుంకాన్ని 50 శాతానికి పెంచినటువంటి సందర్భాల్లో, ధర సూత్రం రాసుకోని చోట నష్టం చివరికి చెరువు గట్టు మీదికే దిగుతుంది.

కంపెనీ ఒప్పందానికి అందని విషయం నీరు. 1990ల మధ్యలో టైగర్ రొయ్యను తుడిచిపెట్టిన తెల్లమచ్చల వ్యాధి నీటి వెంట చెరువు నుంచి చెరువుకు పాకుతుంది. జబ్బు పడిన చెరువును ఒకరు రాత్రికి రాత్రి డ్రెయిన్‌లోకి వదిలితే, దిగువ రైతు తెల్లవారి మోటారు పెట్టి తోడుకునేది ఆ నీటినే. ఆ ఇద్దరూ వేర్వేరు కంపెనీలకు సరుకిచ్చేవారైతే వారిని కలిపి కూర్చోబెట్టే బాధ్యత ఎవరిది?

దీనికి జవాబును మొగల్తూరు రైతులు ఆచరణలో చూపించారు. 2000ల తొలినాళ్లలో సముద్ర ఉత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థ తోడ్పాటుతో అక్కడివారు ఆక్వా క్లబ్బుగా ఏర్పడి, పిల్లను కలిసి పరీక్షించి కొనడం, దగ్గరదగ్గర రోజుల్లోనే వదలడం, చెరువు ఖాళీ చేసే ముందు పొరుగువారికి చెప్పడం అలవాటు చేసుకున్నారు. ఇటువంటి సంఘాలను విస్తరించడానికే 2007లో కాకినాడ కేంద్రంగా జాతీయ సుస్థిర ఆక్వాకల్చర్ కేంద్రం, అంటే నాక్సా, ఏర్పడింది. 2009 తర్వాత వనామీ అనే విదేశీ రొయ్య రకం వచ్చి సాగు మరింత సాంద్రమైనందున ఆ క్రమశిక్షణ అవసరం ఇప్పుడు ఇంకా ఎక్కువ. రెండు మూడు ఎకరాల రైతు తన చెరువులో కొంత భాగాన్ని మురుగునీరు తేరుకోవడానికి విడిచిపెట్టలేడు. ఇరవై మంది కలిస్తే ఒక ఉమ్మడి చెరువును దానికి కేటాయించగలరు.

సంఘాలకూ జబ్బులున్నాయి. పెత్తనం ఒకే ఇంటికి చేరడం, లెక్కలు చూపించకపోవడం, ధర పెరగగానే సభ్యులు బయటి ఏజెంటుకు అమ్ముకోవడం వాటిని కూలుస్తాయి. ఏటా ఆడిట్, గడువు ప్రకారం ఎన్నికలు లేని సంఘం కంటే నిజాయితీగల కంపెనీయే నయం. మరో లోపం నన్ను ఎక్కువగా బాధిస్తుంది: పక్క వరిచేలోకి ఉప్పు ఊరినప్పుడు ఆ వరి రైతు మాట వినే వేదిక సంఘాల్లో కూడా సాధారణంగా ఉండదు. అతనికి అందులో ఓటున్న స్థానం ఇవ్వాలి.

కాబట్టి నా తీర్పు సంఘానికే. కంపెనీ కూడా కావాలి, కాని వరుస ముఖ్యం: ముందు కాలువ వారీగా సంఘం, ఆ తర్వాత ఆ సంఘంతో కంపెనీ ఒప్పందం. తమ సాగు బాధ్యతాయుతమైనదని చిన్న రైతులు గుంపుగా ధ్రువీకరణ పొందే వీలు ఇప్పుడుంది. దానివల్ల వచ్చే అదనపు ధరలో కొంత డ్రెయిన్ పూడికతీతకు వెళ్లాలని ఒప్పందంలోనే రాయించుకోవాలి. సొంత నీటి వనరు, సొంత శుద్ధి చెరువు ఉన్న పెద్ద కమతాలకు కంపెనీ దారి నేరుగా సరిపోవచ్చు.

ఇక కౌలు చెరువుల సంగతి. రెండేళ్ల లీజుకు వచ్చినవారికి కాలువ భవిష్యత్తుపై పట్టింపు తక్కువ కనుక, సంఘ సభ్యత్వాన్ని, నీరు వదిలే నియమాలను లీజు పత్రంలోనే షరతుగా చేర్చే బాధ్యత భూయజమానులు తీసుకోవాలి.