క్రూజర్ సైకిల్‌కి టూస్ట్రోక్ ఇంజన్ కిట్: ఎనిమిది నెలలు నడిపాక నా మాట

ముందే చెప్పేస్తాను. ఈ కిట్‌లో ఇంజన్ బాగుంది, కొనొచ్చు. కానీ ఆ ఇంజన్‌ని సైకిల్‌కి పట్టి ఉంచాల్సిన బోల్టులు, చైను టెన్షనరు, గాస్కెట్లు, స్పార్క్ ప్లగ్గు... ఇవన్నీ పెట్టెలోంచి తీసి పక్కన పెట్టేసి, మంచివి విడిగా తెచ్చుకుని బిగించడం మొదలుపెట్టండి. నేను మొదట అలా చేయలేదు, కిట్‌లో ఏది ఇచ్చారో అదే బిగించాను, దాంతో ఒకరోజు రోడ్డు మీద వెనక చక్రం ఉన్నపళంగా పట్టేసింది. అది కింద చెబుతాను.

పెట్టె మీద 80 సీసీ అని రాసి ఉంటుంది. హెడ్ విప్పినప్పుడు వెర్నియర్‌తో కొలిచాను: బోరు (సిలిండరు లోపలి వెడల్పు) 47 మిల్లీమీటర్లు, స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 40. లెక్క కడితే 69 సీసీ వస్తుంది. ఇదే రకం ఇంజన్లలో స్ట్రోకు 38 ఉన్నవి 66 సీసీకి వస్తాయి, వాటినీ 80 అనే అమ్ముతారు. సైకిల్‌కి ఇది సరిపోతుంది, ఆ మాటకొస్తే ఎక్కువే. అయినా అసలు కొలత రాసి అమ్మితే ఏం పోతుందో నాకు అర్థం కాదు. చట్టం 50 సీసీ దగ్గర గీత గీసిన చోట్లు చాలా ఉన్నాయి. అలాంటి చోట ఉన్నవాళ్ళు 40 బోరు ఉన్న 48 సీసీ ఇంజనే తీసుకోవాలి. రిజిస్ట్రేషను, లైసెన్సు, ఇన్సూరెన్సు సంగతి ఒక్కో దేశంలో ఒక్కో తీరు, ఒకే దేశంలో రాష్ట్రానికో తీరు కూడా. కిట్ కొనకముందే కనుక్కోండి, బిగించాక కాదు.

సైకిల్‌గా క్రూజర్‌నే ఎందుకు ఎంచుకున్నానంటే, స్టీలు ఫ్రేము, ముందు వెనక చక్రాల మధ్య మంచి దూరం, లావు టైర్లు, నిటారుగా కూర్చునే సీటు. ఆ ఆకారమే మోటారు సైకిల్‌ని చూసి గీసినట్టుంటుంది, నిజంగా జరిగింది కూడా దాదాపు అదే. 1933లో అమెరికాలో ష్విన్ కంపెనీ 26 అంగుళాల చక్రానికి 2.125 అంగుళాల బెలూన్ టైరు వేసి సైకిల్ తెచ్చింది, కుదుపులు తగ్గడంతో పిల్లలూ పెద్దలూ ఎగబడ్డారు. 1939లో లాస్ ఏంజెలెస్‌లో విజ్జర్ అని సైకిల్‌కి తగిలించే ఇంజన్ కిట్ అమ్మకానికొచ్చింది. యుద్ధం అయిపోయాక 1946లో హోండా సోయిచిరో సైన్యం వైర్‌లెస్ సెట్ల జనరేటర్లకి వాడి వదిలేసిన చిన్న ఇంజన్లు తెచ్చి సైకిళ్ళకి బిగించి అమ్మాడు, హోండా మోటారు సైకిళ్ళ కథ అక్కడే మొదలైంది. మొదటిసారి ఇంజన్‌ని ఫ్రేము మధ్యలో పెట్టి చూసుకున్నప్పుడు నాకు ఇవన్నీ గుర్తొచ్చాయి, చాలాసేపు చేతులు గ్రీజు కూడా తుడుచుకోకుండా దాన్నే చూస్తూ కూర్చున్నాను.

ఇక అసలు పని. ఇంజన్ పెట్టడం అరగంట పని అనుకున్నాను. వెనక పక్క నిలువు గొట్టానికి ఇబ్బంది లేకుండా కూర్చుంది. ముందు గొట్టం దగ్గర ఆగిపోయాను. ఇంజన్ ముందు పట్టు 28 మిల్లీమీటర్ల గొట్టానికి చేసింది, నా క్రూజర్ గొట్టం 38 ఉంది. కిట్‌తో వచ్చిన కాగితంలో ఇలాంటప్పుడు ఫ్రేముకి కన్నం పెట్టి బోల్టు దూర్చమని రాశారు. దయచేసి ఆ పని చేయకండి. సరిగ్గా ఇంజన్ అదిరే చోట, హ్యాండిల్ బరువంతా మోసే గొట్టానికి కన్నం పెడితే పగులు అక్కడినుంచే మొదలవుతుంది. లావు గొట్టాలకి మందపాటి ప్లేటు, యూ బోల్టు విడిగా దొరుకుతాయి, అవి వేసుకోండి. మధ్యలో మెత్తటి రబ్బరు దట్టంగా పెడితే అదురు తగ్గుతుందని కొందరంటారు, నేను చేసి చూశాను, ఇంజన్ ఊగి అదురు ఇంకా పెరిగింది. గట్టిగా, ఇనుముకి ఇనుము ఆనేలా బిగిస్తేనే నయం.

బోల్టుల సంగతి. ముందు పట్టు బిగిస్తుంటే స్పానరు తిరుగుతూనే ఉంది, బోల్టు మాత్రం ఎంతకీ గట్టిపడటం లేదు. అన్నయ్య పక్కన సైకిల్ పట్టుకుని నిలబడి చూస్తున్నాడు, "ఏరా, అది బిగుస్తోందా, సాగుతోందా?" అన్నాడు. విప్పి చూస్తే మరల దగ్గర బోల్టు సన్నబడి, మెడ లాగినట్టు సాగిపోయి ఉంది. ఇంకో అర చుట్టు తిప్పి ఉంటే తెగి సగం ముక్క ఇంజన్‌లోనే ఉండిపోయేది. ఆ రోజే అన్ని స్టడ్లూ నట్లూ కొలతలు రాసుకుని 8.8 గ్రేడు గట్టి ఉక్కువి తెచ్చాం. సైలెన్సరు స్టడ్లు కూడా మార్చండి, అవే ముందు విరుగుతాయి. హెడ్ నట్లు ఒక్కసారిగా బిగించకుండా ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించుకుంటూ రండి, టార్క్ రెంచి ఉంటే ఇంకా మంచిది.

వెనక స్ప్రాకెట్ (చైను ఎక్కే పళ్ళ చక్రం) దగ్గర మాత్రం రెండు ఆదివారాలు పోయాయి. ఈ కిట్లలో 44 పళ్ళ స్ప్రాకెట్‌ని నేరుగా చక్రం పుల్లలకే బిగించాలి. పుల్లలకి లోపలో రబ్బరు బిళ్ళ, బయటో రబ్బరు బిళ్ళ పెట్టి తొమ్మిది బోల్టులతో నొక్కి పట్టడం. 36 పుల్లల చక్రమైతేనే ఆ బోల్టులు వరసగా కూర్చుంటాయి. ఒక పక్క బిగిస్తే ఇంకో పక్క లేస్తుంది, అది సరిచేస్తే మధ్య నుంచి జరుగుతుంది. నేను చేసిన పద్ధతి ఇది: సైకిల్ తలకిందులుగా పెట్టి, ఫ్రేముకి ఒక పెన్సిల్ కట్టి దాని మొన స్ప్రాకెట్ పళ్ళకి వెంట్రుకవాసి దూరంలో ఉంచి, చక్రం మెల్లగా తిప్పడం. పెన్సిల్ మొన ఎక్కడ తగిలితే అక్కడి బోల్టు పావు చుట్టు వదులు, ఎదురుగా ఉన్నది పావు చుట్టు బిగింపు. అలా ఎన్నిసార్లు తిప్పానో లెక్కలేదు. చివరికి ఎత్తు తేడా, పక్క ఊపు రెండూ ఒక మిల్లీమీటరు లోపుకి వచ్చాయి. అంతకంటే ముందే చక్రం బెండు తీయించుకోవాలి. చక్రమే వంకరగా ఉంటే ఇదంతా వృథా.

నా క్రూజర్‌కి వెనక్కి తొక్కితే పడే బ్రేకు ఉంది. ఆ హబ్బు (చక్రం నడిమి భాగం) లావుగా ఉండి స్ప్రాకెట్ మధ్య కన్నం పట్టలేదు, ఆకురాయి పట్టుకుని గంటన్నర అరగదీశాను. ఇన్ని తిప్పలూ పడ్డాక నాలుగు నెలలకి రబ్బరు బిళ్ళల పద్ధతే మానేసి, హబ్బుని రెండు ముక్కలుగా చుట్టి పట్టుకునే అల్యూమినియం క్లాంపు కొన్నాను. హబ్బు లావు కొలిచి దానికి తగ్గది తీసుకోవాలి, అంతే. బిగించడానికి ఇరవై నిమిషాలు పట్టింది, ఇప్పటిదాకా కదల్లేదు, పుల్లల మీద భారమూ లేదు. మొదటి రోజే అది కొనుక్కోండి.

ఇప్పుడు టెన్షనరు. చైను వదులు లాగి పట్టే చిన్న చక్రం ఇది, ఫ్రేము వెనక గొట్టానికి రెండు బోల్టులతో పట్టుకుంటుంది. క్రూజర్లకి ఆ గొట్టం గుండ్రంగా ఉండదు, వెనక్కి పోనుపోను సన్నబడుతుంది. ఎంత బిగించినా అదురుకి ముందుకి జారుతుంది, ఒరుగుతుంది. రెండో వారం, గంటకి పాతిక కిలోమీటర్ల వేగంలో ఉన్నాను, అది ఒరిగి సరాసరి పుల్లల్లోకి వెళ్ళింది. వెనక చక్రం పట్టేసి, టైరు ఈడ్చుకుంటూ పోయి, అడ్డం తిరిగి ఆగింది. మూడు పుల్లలు తెగాయి, నాకు మోచేయి గీరుకుపోయింది. వెనక ఏ బండీ లేదు కాబట్టి ఇది రాస్తున్నాను. అమ్మినవాళ్ళకి రాస్తే ఇంకో టెన్షనరు పంపిస్తామన్నారు, అదే రకం! నాకొద్దని చెప్పాను.

మీరు టెన్షనరు లేకుండా చేయగలిగితే అదే అన్నిటికంటే మంచి దారి. క్రూజర్లలో వెనక చక్రం ఇరుసు కూర్చునే గాడి సాధారణంగా అడ్డంగా ఉంటుంది కాబట్టి చక్రాన్ని ముందుకీ వెనక్కీ జరపొచ్చు. ఎడమవైపు ఇంజన్ చైనుకి లింకులు సరిచూసి కత్తిరించి, చక్రం వెనక్కి లాగి, కుడివైపు పెడల్ చైను పొడవు కుదరకపోతే దానికి హాఫ్ లింకు (సగం పొడవు లింకు) వేయాలి. రెండు చైన్లూ ఒకేసారి కుదరాలి కదా, అక్కడే ఓపిక కావాలి. చైను మధ్యలో వేలితో నొక్కితే ఒక సెంటీమీటరు పైచిలుకు ఆడాలి, మరీ బిగువుగా ఉన్నా ప్రమాదమే. నాకు చైను టైరు పక్కన రాసుకునేది, 2.125 టైరు తీసి 1.95 వేస్తే ఆ బాధా పోయింది.

వైర్లు తేలిక. బ్యాటరీ లేదు, ఇంజన్‌తో పాటు తిరుగుతూ కరెంటు పుట్టించే మాగ్నెటోనే నిప్పురవ్వ పుట్టిస్తుంది. నీలం నీలానికి, నలుపు నలుపుకి, తెల్ల వైరు వాడకుండా కొసకి టేపు చుట్టి వదిలేయాలి. కిట్‌లో ఇచ్చిన కనెక్టర్లు వదులుగా ఉంటాయి, టంకం పెట్టుకుంటే నడిరోడ్డు మీద ఆగిపోయే టెన్షన్ ఉండదు. ప్లగ్గు తీసి ఎన్‌జీకే బీ6హెచ్‌ఎస్ వేశాను, చల్లటి ఉదయాల్లో స్టార్టు అవడంలో తేడా అప్పటికప్పుడు తెలిసింది.

కార్బురేటరు దగ్గర రెండు రోజులు పొరబడ్డాను. ఇంజన్ వేడెక్కాక యాక్సిలరేటరు వదిలినా రేసు తగ్గేది కాదు. జెట్టు మార్చాను, సూది క్లిప్పు పైగాడికి కిందిగాడికి మార్చాను, ఏం లాభం లేదు. చివరికి చూస్తే కార్బురేటరు ఇంటేకు గొట్టానికి కూర్చునే చోట సందులోంచి గాలి లాగుతోంది. ఇలా గాలి పీల్చే ఇంజన్‌కి పెట్రోలు తక్కువై, దాంతో పాటు ఆయిలూ తక్కువై, పిస్టన్ పట్టేస్తుంది. ఆ కీలు బాగా శుభ్రం చేసి సీలు పెట్టి బిగించాక దారికొచ్చింది.

పెట్రోల్లో టూటీ ఆయిలు మొదట్లో 16:1 కలపమంటారు, అంటే లీటరుకి 62.5 మిల్లీలీటర్లు. కళ్ళతో అంచనా వేయకుండా సిరంజితో కొలిచి పోశాను. మొదటి కొన్ని ట్యాంకులు అలా నడిపి, తర్వాత లీటరుకి 40 మిల్లీలీటర్లకి దిగాను. మొదట్లో పొగ, సైలెన్సరు మూతి దగ్గర నల్లటి జిడ్డు ఉంటాయి, కంగారు పడక్కర్లేదు.

స్టార్టు చేయడంలోనే ఉంది ఆనందమంతా. క్లచ్చు పట్టుకుని సైకిల్‌లాగే తొక్కుకుంటూ వెళ్ళి, కాస్త వేగం అందుకున్నాక క్లచ్చు వదలాలి. ఒక్క క్షణం ఎవరో వెనక్కి లాగినట్టు బరువెక్కుతుంది, తర్వాత కాళ్ళ కింద టపటపమని మొదలై, పెడల్ మీద పాదం ఖాళీ అయిపోతుంది. మన చేత్తో బిగించిన ముక్కలన్నీ కలిసి మనల్నే మోసుకుపోతున్నాయన్న ఆ భావన కొన్న బండి మీద రాదు, ఎన్ని నెలలైనా నాకు పాతబడలేదు.

వేగం గురించి చాలామంది అడుగుతారు. ఇంజన్ లోపలి గేర్లు 4.1 రెట్లు తగ్గిస్తాయి, ఇంజన్ దగ్గరి 10 పళ్ళ స్ప్రాకెట్ నుంచి వెనక 44 పళ్ళ దానికి 4.4 రెట్లు, మొత్తం 18. అంటే 26 అంగుళాల చక్రానికి, నిమిషానికి 5,000 చుట్ల దగ్గర గంటకి 34 కిలోమీటర్లు, 6,000 దగ్గర 41. చిన్న స్ప్రాకెట్ వేస్తే ఇంకా పోతుంది, కానీ అదురు ఎక్కువ, ఎత్తులు ఎక్కడం కష్టం. నేను 30 దగ్గరే నడుపుతాను, ఇంజన్‌కీ నాకూ హాయిగా ఉండే వేగం అదే. సైకిల్ బ్రేకు అంతకు మించి ఆపలేదు కూడా. వెనక్కి తొక్కే బ్రేకు ఒక్కదాన్నే నమ్ముకుని ఈ పనికి దిగొద్దు, పెడల్ చైను ఊడితే ఆ బ్రేకు ఉండదు. నేను ముందు చక్రానికి, రిమ్ముని రెండు పక్కలా నొక్కి పట్టే మంచి వీ బ్రేకు వేశాకే మొదటిసారి ఇంజన్ స్టార్టు చేశాను.

అదురుకి ఊడని బోల్టు లేదు. అందులో మడ్‌గార్డు బోల్టు మరీ ప్రమాదం, ముందు మడ్‌గార్డు ఊడి చక్రంలో పడితే మనిషి హ్యాండిల్ మీదుగా ఎగిరి పడతాడు. నైలాన్ నట్లు, మరలకి వేసే లాకింగ్ జిగురు వాడండి, బండి తీసే ప్రతిసారీ ఒక చుట్టు స్పానరు పట్టుకుని తిరగండి. నాకు ఐదు నిమిషాలు పడుతుంది.

ఇంకొక్కటి, ఎవరూ చెప్పరు కాబట్టి రాస్తున్నాను. క్లచ్చు పక్క మూత తీసి గేర్లకి గ్రీజు పెట్టాలి, శనగగింజంత చాలు. నేను ప్రేమగా వేలినిండా పెట్టాను, అది వేడికి కరిగి క్లచ్చు ముక్కలకి అంటుకుని, ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజన్ అరుస్తుంది గానీ బండి కదలదు. మూత విప్పి, ముక్కలన్నీ తీసి పెట్రోలుతో కడిగి ఆరబెట్టి మళ్ళీ వేశాను. ఆ మరుసటి రోజు అదే ఎత్తు తొక్కకుండానే ఎక్కేసింది.